గాలి పడిపోయిన మధ్యాహ్నం

ఆ ఏడు మా ఇంట్లోకి మనిషి కంటే ముందు తెరచాప వచ్చింది.

అమ్మ కర్టెన్లు, స్కూలు యూనిఫారాలు కుట్టేది. మా ముందుగదే ఆమె కొట్టు. ఒక సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆ గదిలో నేల కనపడలేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్లటి గుడ్డ. కుర్చీల మీదుగా, కుట్టుమిషను మీదుగా పాకి కిటికీ ఎక్కబోతున్నట్టుంది. గాలి వచ్చినప్పుడల్లా గది మొత్తం ఊపిరి పీల్చి వదులుతోంది. ఆ తెలుపు మధ్యలో అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని చిరుగు వెతుకుతోంది. గుమ్మం దగ్గర ఒకాయన చెప్పులు చేత్తో పట్టుకుని, ఎక్కడ అడుగు పెట్టాలో తెలియక నిలబడి ఉన్నారు.

"ఇంత కర్టెనా? ఏ ఇంటికి?" అన్నాను.

"ఇంటికి కాదు, పడవకి. డాక్టరు గారిది," అంది అమ్మ తల ఎత్తకుండా.

"పళ్ళ డాక్టర్ని," అన్నారాయన. మరీ పెద్ద డాక్టరనుకుంటానేమోనని ముందే చెబుతున్నట్టు.

తెరచాప త్వరగానే అయిపోయింది. ఆయన రావడం మాత్రం అయిపోలేదు. ఒకసారి తాడు దూర్చే కన్నం బిగుతుగా ఉందనేవారు, ఒకసారి వదులుగా ఉందనేవారు. చలికాలమంతా అలా గడిచింది. ఎండలు మొదలయ్యే వేళకి అమ్మా ఆయనా రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకున్నారు. ఆయన క్లినిక్కు మీద ఉన్న మూడు గదుల్లోకి మా సామాను, మిషనుతో సహా, చేరింది.

నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. నాన్న మాట ఇంట్లో వచ్చేది కాదు. మొదట్లో ఎత్తితే ఏడుపొస్తుందని ఎత్తలేదు. తర్వాత ఎత్తకపోవడం అలవాటైంది. ఈ ఇంటికి వచ్చాక, కొత్త మనిషి ఏమనుకుంటారోనని అమ్మ నాన్న ఫోటోని బట్టల పెట్టె అడుగున పెట్టింది. పెడుతుంటే చూశాను.

పెళ్ళికి రాని నానమ్మ పెళ్ళయిన వారానికి వచ్చింది. ఆమె ప్రసూతి ఆసుపత్రిలో పెద్ద నర్సుగా చేసి రిటైరైంది. ఈ ఊళ్ళో సగంమందికి పుట్టగానే మొదటి దెబ్బ వేసి ఏడిపించింది తనేనని చెప్పుకునేది. ఎవరింట్లోనైనా ఆసుపత్రి వార్డులో నిలబడ్డట్టే నిలబడేది. ఆ రోజూ అలాగే నిలబడి అమ్మతో అంది:

"నీ బతుకు నీది. నేను తప్పు పట్టను. కానీ ఇది నా కొడుకు కూతురు. ఇంకొకరింట్లో ఒదిగి ఒదిగి బతకాల్సిన పని దీనికి లేదు. నా దగ్గర గది ఉంది. ఇది చేరబోయే కాలేజీ కూడా మా ఇంటికే దగ్గర."

అమ్మ మర్నాడు పొద్దున నాకు జడ వేస్తూ, నా మొహం తనకి కనపడని సమయం చూసి, నాతో చెప్పింది.

"సెలవులు అయ్యేలోపు నువ్వే ఆలోచించుకో. ఉంటావో, వెళ్తావో. నేను అడగను. ఆయన కూడా అడగరు."

అలా నా చేతికి ఒక వేసవి ఇచ్చారు.

*

నది వంపు తిరిగే చోట పడవల రేవుంది. గేటు మీద మెరీనా అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది గానీ, అక్కడికొచ్చే వాళ్ళందరూ రేవనే అనేవారు. గట్టు దిగితే నీటి మీద తేలే చెక్కబాటలు. వాటికి రెండు పక్కలా సరదా పడవలు, కొట్టంలో పశువుల్లాగా ఒకదాన్నొకటి రాసుకుంటూ, తాళ్ళు లాగుతూ ఉండేవి. అడుగు వేస్తే బాట కాస్త కుంగి మళ్ళీ లేచేది. పడవల స్తంభాలకి తాళ్ళు కొట్టుకుని సన్నగా మోగేవి. దూరంగా ఎక్కడో ఎవరో చెంచాలూ గ్లాసులూ కడుగుతున్నట్టుండేది ఆ చప్పుడు. ఇప్పటికీ నిద్రపట్టే ముందు ఒక్కోసారి అది వినిపిస్తుంది నాకు.

ఆయన పడవ పెద్దదేం కాదు. వెనక కూర్చోవడానికి బల్లలు, ముందు వంగి దూరే చిన్న గది, చివర ఎప్పుడూ వాడని చిన్న ఇంజను. లోపల చెక్క వాసన, ఎండిన తాళ్ళ వాసన.

పక్క పడవలో ఒక రిటైరైన రైలు డ్రైవరూ ఆయన భార్యా కాపురం ఉండేవారు. ఆ పడవ కట్టు విప్పగా ఎవరూ చూడలేదు.

"నడపరా తాతయ్యా?" అని అడిగాను మొదటి రోజే.

"ఉద్యోగమంతా కదులుతూనే ఉన్నానమ్మా. ఇప్పుడు ఇంకొకళ్ళు కదులుతుంటే చూస్తాను. అదీ బాగానే ఉంది," అన్నాడాయన కాళ్ళు చాపుకుంటూ.

ఆయన భార్య మొక్కల డబ్బాలకి నీళ్ళు పోస్తూ నన్ను ఎగాదిగా చూసింది. "ఇంత పిల్లని పెట్టుకుని మీ నాన్న ఇన్నాళ్ళూ ఒక్కసారైనా తీసుకురాలేదేమమ్మా?" అంది.

అమ్మ సంచిలో లేని వస్తువేదో వెతకడం మొదలుపెట్టింది. ఆయన తాడు విప్పుతూ మామూలుగా అన్నారు:

"ఈ అమ్మాయి ఉందని ఇన్నాళ్ళూ నాకే తెలీదండీ. తెలిస్తే ఎప్పుడో తెచ్చేవాణ్ణి."

ఆమెకి అర్థమైందో లేదో గానీ నవ్వి ఊరుకుంది.

ఆయన్ని ఏమని పిలవాలన్నది మా ఇంట్లో ఎవరికీ తేలలేదు. నాన్న అనలేను. బాబాయి అనడానికి ఆయన ఎవరి తమ్ముడూ కాదు. డాక్టరుకి గారు తగిలించి పిలిస్తే పన్ను నొప్పికి వచ్చినట్టుంటుంది. అమ్మ పరిస్థితీ అంతే. 'ఏవండీ' అన్న పిలుపు ఆమె నోట్లో ఇంకో మనిషి పేరుగా ఉండిపోయింది. అందుకని మేమిద్దరం గోడలతో మాట్లాడేవాళ్ళం. "టీ చల్లారిపోతోంది," అని అమ్మ కిటికీకి చెప్పేది. "కింద ఎవరో వచ్చారు," అని నేను తలుపుకి చెప్పేదాన్ని. ఆయన ఏమీ అనుకునేవారు కాదు. నోరు తెరిచి కూర్చున్న మనుషుల్ని ప్రశ్నలడిగి జవాబు ఆశించకపోవడం ఆయన వృత్తిలోనే ఉంది.

"ఈ ఇంట్లో నాకంటే గోడలకి మర్యాద ఎక్కువ," అన్నారొకసారి, ఆయన కూడా గోడకే.

*

ముందుగా చుక్కాని కర్ర పట్టుకోవడం నేర్పారు.

"ఎటు వెళ్ళాలో అటు కాదు. దానికి ఎదుటి పక్కకి తొయ్యి."

"ఎందుకలా?"

"చెబుతాను. కానీ ఇప్పుడు చెబితే నీ చెయ్యి ఆలోచించడం మొదలుపెడుతుంది. ముందు చేతిని నేర్చుకోనీ."

మొదటి పూట పడవని తిన్నగా రెల్లుగడ్డిలోకి తీసుకెళ్ళాను. పిట్టలు గోలగా లేచాయి. ఆయన ఏమీ అనకుండా ముందుకెళ్ళి తెడ్డుతో పడవని వెనక్కి నెట్టి, మళ్ళీ వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. రెండోసారీ అక్కడికే వెళ్ళాను. ఈసారి పిట్టలు లేవలేదు. "వాటికి అలవాటైంది," అన్నారు.

కొన్నాళ్ళకి చెయ్యి నేర్చుకుంది. ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియలేదు. ఒక పొద్దున చూసుకుంటే పడవ నేను అనుకున్న చోటికే పోతోంది.

ఆ వేసవిలో రోజులు విడివిడిగా గుర్తులేవు. అన్నీ కలిసి ఒకే పెద్ద పగలులా ఉంటాయి. క్లినిక్కు మధ్యాహ్నానికల్లా మూసేసేవారు. మేం అన్నం డబ్బాల్లో సర్దుకుని రేవుకి వెళ్ళేవాళ్ళం. గాలి తెరచాపని నింపగానే పడవ ఒక పక్కకి ఒరిగి, ఎవరో భుజం మీద చెయ్యి వేసి నడిపిస్తున్నట్టు ముందుకు పోయేది. ఇంజను చప్పుడు లేదు. చెక్క కింద నీళ్ళు గుసగుసలాడేవి. ఒడ్డున ఇళ్ళు, గోడౌన్లు, బట్టలారేసిన తీగలు, సైకిలు మీద పోయే మనుషులు అందరూ నెమ్మదిగా వెనక్కి జారిపోయేవారు. కదిలేది వాళ్ళే, మేం ఉన్నచోటే ఉన్నాం అనిపించేది. నీటి మీద పడిన వెలుగు తెరచాప లోపలి వైపు వలల్లా ఆడేది. దాన్ని చూస్తూ చూస్తూ కళ్ళు తెరుచుకునే నిద్రపోయేదాన్ని.

అమ్మకి మొదట్లో కడుపులో తిప్పేది. లోపలి గదిలో కూర్చుని ఒళ్ళో కుట్టుపని పెట్టుకునేది. వంచిన తల ఎత్తేది కాదు. "బయటికొస్తే తగ్గుతుంది," అని ఆయన గది తలుపుకి చెప్పేవారు. "ఇక్కడే బాగుంది," అని ఆమె సూదికి చెప్పేది.

మధ్యలో ఒకరోజు గాలివాన తరిమింది. పడమర నల్లబడటం ఆయన చూశారు గానీ, రేవు దగ్గర్లోనే ఉంది కదా అనుకున్నారు. మేం వంపు దాటేలోపే గాలి వచ్చి పడింది. నీళ్ళు ఒక్కసారిగా బూడిదరంగుకి తిరిగాయి. చుక్కాని నా చేతికిచ్చి, "గాలికి ఎదురుగా పట్టు. ఏం జరిగినా వదలొద్దు," అని ఆయన తెరచాప దించడానికి స్తంభం దగ్గరికి పాకారు. నేను రెండు చేతులతో పట్టుకున్నాను. గాలి దిశ మార్చింది. తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర ఊగి ఆయన తల మీదికి రావడం కనపడింది. ఆయన వెనక్కి తిరిగి ఉన్నారు.

"వంగండి డాక్టరూ!"

ఆయన వంగారు. కర్ర ఆయన జుట్టుని తాకుతూ అటు పోయింది. తర్వాత తెరచాప కిందికి దిగింది. వాన తలుపులోంచి లోపలికి కూడా కొట్టి మా ముగ్గుర్నీ ఒకేలా తడిపింది. మేం రేవుకి చేరి తాళ్ళు కట్టేసరికి ఎండ మళ్ళీ కాసింది కూడా.

"గారు అనలేదు నువ్వు," అన్నారు జుట్టు పిండుకుంటూ.

"టైము లేకపోయింది."

"అలాగే ఉంచెయ్. గారు లేకపోతే వెంటనే వినబడుతోంది."

లోపలి గదిలోంచి అమ్మ నవ్వు వినిపించింది. తడిసిన కుట్టుపని ఒక చేత్తో పట్టుకుని ఆమె మొదటిసారి బయటికి వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆ రోజు నుంచి నాకు ఆయన డాక్టరు. గారు లేని డాక్టరు.

*

ఆ తర్వాత ఎప్పుడో, ఎండ ముదిరిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది.

రేవుకి చాలా దూరం వచ్చేశాం. నది అక్కడ ఎంత వెడల్పంటే అవతలి గట్టు ఒక ఆకుపచ్చ గీత. తెరచాప ఒకటి రెండుసార్లు కొట్టుకుని, నిద్రపోయే పిల్ల చెయ్యిలా వేలాడిపోయింది. నీళ్ళలో అల లేదు. ఆకాశం కిందా పైనా ఒకేలా ఉంది. మేం ఆ రెండింటి మధ్య అతికించినట్టున్నాం. అమ్మ లోపలి గదిలో పడుకుంది. తలుపు తెరిచే ఉంది.

"ఇంజను ఉందిగా డాక్టరూ," అన్నాను.

"ఉంది. తొందరుందా?"

తొందర లేదు. ఆయన లంగరు కూడా వేయలేదు. ప్రవాహం చాలా నెమ్మదిగా, ఎవరికీ తెలియనట్టు, మమ్మల్ని తిప్పుతోంది. నేను చెయ్యి నీళ్ళలో పెట్టాను. పైన వెచ్చగా, కింద చల్లగా ఉన్నాయి.

చాలాసేపటికి ఆయన అడిగారు. "మీ నాన్నకి ఈత వచ్చా?"

రెండేళ్ళలో నన్ను నాన్న గురించి ఎవరూ ప్రశ్న అడగలేదు. అయ్యో అన్నవాళ్ళున్నారు. తల నిమిరిన వాళ్ళున్నారు. నాన్నకి ఏం వచ్చు, ఏం రాదు అని అడిగినవాళ్ళు లేరు.

"రాదు," అన్నాను.

ఆయన తల ఊపి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలో చోటు ఉంది. నేను నీళ్ళనే చూస్తూ ఇంకాస్త చెప్పాను.

"నాన్న సినిమా హాల్లో ఆపరేటరు. ఒకే సినిమా ఎన్నిసార్లు చూసేవాడో. ఆదివారం పొద్దున నన్ను పొట్ట మీద కూర్చోబెట్టుకుని కథ చెప్పేవాడు. ఏనుగులొస్తే ఏనుగులా, రైలొస్తే రైలులా అరిచేవాడు. కానీ ముగింపు దగ్గరికి వచ్చేసరికి నిద్రపోయేవాడు. పాపం, రాత్రి ఆట దాకా పనిచేసి అలసిపోయి ఉండేవాడు. నేను ఎంత లేపినా లేచేవాడు కాదు."

"ఏ కథా పూర్తి కాలేదన్నమాట."

"ఒక్కటి కూడా."

నీళ్ళ మీద ఒక చేప ఎగిరి పడింది. చుట్లు చుట్లుగా అలలు వచ్చి పడవని తాకాయి.

"అలిసిపోయి కాదు."

అమ్మ గొంతు. ఆమె గది గుమ్మంలో కూర్చుని ఉంది. ఎప్పుడు లేచిందో. ఒక చెంప మీద దిండు ముడతలు పడి ఉన్నాయి.

"నిద్రపోయేవాడు కాదు మీ నాన్న. నటించేవాడు. ఆఖరి రీలు ఆడుతుంటే ముందు రీళ్ళన్నీ తిప్పి చుట్టుకోవాలి, తర్వాతి ఆటకి. ఆ పని మీద పడి ఏ సినిమాకీ ముగింపు చూడలేదు. నీకు ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చుగా అంటే, పిల్లతో అబద్ధం ఎలా చెప్తానే అనేవాడు. గుర్రు పెట్టడం మాత్రం అబద్ధం కాదట."

నాకు తెలిసిన నాన్న ఒకడు, అమ్మకి తెలిసిన నాన్న ఒకడు. ఇద్దరూ ఒకే మనిషని అప్పుడే తెలిసినట్టుంది.

"నేను ముక్కు మూసేదాన్ని," అన్నాను. "అయినా లేచేవాడు కాదు."

"నోటితో ఊపిరి పీల్చేవాడు. నువ్వు చూసుకునేదానివి కాదు. నేను వంటింట్లోంచి చూసి నవ్వుకునేదాన్ని." అమ్మ చీకాకు పడ్డట్టు కళ్ళు తుడుచుకుంది. "ఎంత ఎండో. కళ్ళు మండుతున్నాయి."

డాక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "మరి పళ్ళెలా ఉండేవి?" అన్నారు.

అమ్మ ఒక క్షణం అర్థం కానట్టు చూసింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక తలుపు పట్టుకుంది. "ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండేవి," అంది. "పై పన్ను ఒకటి విరిగింది. పెళ్ళికి ముందే. సోడా సీసా నోటితో తీయబోయి."

"అయ్యో. నా దగ్గరికి వచ్చి ఉంటే కట్టేవాణ్ణి."

"వచ్చేవాడు కాదండీ. డాక్టర్లంటే భయం."

అండీ అంది అమ్మ. గోడకి కాదు, కిటికీకి కాదు. ఆయన ఆ మాటని పట్టించుకున్నట్టు కనపడలేదు. ముందుకి వంగి మంచినీళ్ళ సీసా అందుకుని ఆమెకి ఇచ్చారంతే.

పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం. నాన్న గురించే చెప్పుకున్నాం. నాన్న సైకిలు తొక్కే పద్ధతి, తప్పుగా పాడే పాటలు, ఆసుపత్రిలో నర్సుల మీద వేసిన జోకులు. ఆసుపత్రి మాట కూడా వచ్చింది, వచ్చి దాటిపోయింది. డాక్టరు మధ్యమధ్యలో ఏదో ఒకటి అడిగేవారు, ఒక కొత్త స్నేహితుడి గురించి అడిగినట్టు. నీళ్ళు పసుపురంగుకి, తర్వాత గులాబీరంగుకి తిరిగాయి. ఎక్కడినుంచో చిన్న గాలి లేచి తెరచాపని తట్టింది.

"మన పడవకి తెలివొచ్చింది," అన్నాను చుక్కాని అందుకుంటూ.

అప్పటిదాకా నేనెప్పుడూ మీ పడవ అనేదాన్ని. అన్నాక గానీ నాకు తెలియలేదు. డాక్టరు తాడు లాగుతున్నవారు లాగుతూనే ఉన్నారు. చెవులు మాత్రం కొంచెం ఎర్రబడ్డాయి.

మర్నాడు అమ్మ పెట్టె అడుగు నుంచి ఫోటో తీసి మిషను పక్క గోడకి పెట్టమంది. మేకు డాక్టరే కొట్టారు. పళ్ళలో అంత నేర్పుగా పనిచేసే మనిషి మేకు కొడితే మూడుసార్లు వంకరపోయింది. గోడకి పడిన బొక్కలు అలాగే ఉన్నాయి.

*

సెలవులు అయిపోవచ్చాయి. నానమ్మ ఫోన్ చేసింది. "సర్దుకున్నావా?" అంది, కబుర్లేమీ లేకుండా.

"నువ్వొకసారి రేవుకి రా నానమ్మా."

"నాకు రేవులో ఏం పని?"

"నాకుంది."

ఆదివారం పొద్దున వచ్చింది. మడత నలగని బట్టలు, గొడుగు, నల్లటి చేతిసంచి. చెక్కబాట ఊగుతుంటే ఆగి, కాలితో రెండుసార్లు తట్టి చూసి, దాన్ని లొంగదీసుకున్నట్టు నడిచింది. అమ్మని చూసి తల పంకించింది. డాక్టర్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"ఈ ఊళ్ళోనే పుట్టావా?"

"లేదండీ. వేరే ఊరు."

"అదే అనుకున్నాను. నా చేతిలో పుట్టి ఉంటే భుజాలు ఇలా వంచుకుని నిలబడేవాడివి కాదు."

డాక్టరు భుజాలు నిటారుగా పెట్టారు. నానమ్మని చెయ్యి పట్టుకుని పడవలోకి దింపారు. అమ్మ ఎక్కింది. నేను చుక్కాని దగ్గర కూర్చున్నాను. ఆయన ఎక్కబోయి ఆగారు. మా ముగ్గుర్నీ ఒకసారి చూశారు. చేతిలో ఉన్న తాడు నా ఒళ్ళోకి వేసి అన్నారు:

"నాకు పేషెంటు ఒకాయన వస్తానన్నారు. మీరు వెళ్ళిరండి. దీనికి నడపడం వచ్చు."

ఆదివారం ఆయనకి పేషెంట్లు ఉండరని అమ్మకీ నాకూ తెలుసు. నేనేదో అనబోయాను. ఆయన అప్పటికే కాలితో పడవని మెల్లగా నీళ్ళలోకి నెట్టేశారు.

అమ్మ తెరచాప ఎత్తింది. ఇన్నాళ్ళూ చూసి చూసి ఆమెకీ వచ్చేసింది. గాలి హాయిగా ఉంది. నానమ్మ గొడుగు విప్పబోతే గాలి లాక్కుంది. విసుక్కుంటూ మూసేసింది. అమ్మా ఆమే ఎదురెదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. చూపు కలవకుండా ఉండటానికి ఒకరు ఎడమ గట్టుని, ఒకరు కుడి గట్టుని పంచుకున్నారు.

"బాగున్నావా?" అంది నానమ్మ చివరికి.

"ఉన్నాను అత్తయ్యా."

"ఇంకా అత్తయ్యేనా?"

"మరేమనాలి?"

నానమ్మ మూసిన గొడుగు ఒళ్ళో పెట్టుకుంది. "అదే అను. కొత్త పిలుపులు నేర్చుకునే వయసు కాదు నాది."

నది నడుమకి వచ్చాం. నీటి మీద వెలుగు ముక్కలు ముక్కలుగా ఉంది. అమ్మ మెల్లగా అడిగింది. "నేను ఆయన్ని మర్చిపోయాననుకుంటున్నారా అత్తయ్యా?"

"మర్చిపోయావని కాదు. మర్చిపోతావని అనుకున్నాను." నానమ్మ గొంతులో వార్డు లేదు. "నువ్వు మర్చిపోతే తప్పు కాదు. నీకు ముందు బోలెడంత బతుకుంది. కానీ నువ్వు మర్చిపోతే ఇదీ మర్చిపోతుంది. ఆ తర్వాత వాడు నా ఒక్కదాని దగ్గరే మిగులుతాడు. నేనెన్నాళ్ళుంటాను చెప్పు. నేను పోయిన రోజున వాడు మళ్ళీ పోతాడు. అందుకని దీన్ని నా దగ్గర పెట్టుకుందామనుకున్నాను."

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. నానమ్మ విడిపించుకోలేదు.

"ఫోటో గోడకి పెట్టాం నానమ్మా," అన్నాను. "మిషను పక్కన."

"మీ అమ్మ పెట్టిందా?"

"అమ్మ పెట్టమంది. డాక్టరు పెట్టారు. సరిగ్గా రాక మూడు మేకులు పాడుచేశారు. నాన్న సోడా సీసా కథ కూడా ఆయనకి తెలుసు."

"ఏ సోడా సీసా?" నానమ్మ నిటారుగా కూర్చుంది. "మెట్ల మీంచి పడి విరిగిందని చెప్పాడు నాకు."

అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అమ్మ పెదవి కొరుక్కుంది. నానమ్మ మమ్మల్ని చూసింది. ఆమె మొహం మీద ముడతలు ఒకటొకటిగా కదిలాయి. నవ్వు ఏ దారిన బయటికి రావాలో మర్చిపోయి వెతుక్కుంటున్నట్టుంది.

"వెధవ," అంది చాలా ప్రేమగా. "చచ్చి రెండేళ్ళయినా అబద్ధాలు బయటపడుతూనే ఉన్నాయి."

తర్వాత ఆమె వెనక్కి తిరిగి రేవు వైపు చూసింది. చెక్కబాట చివర ఒక చిన్న మనిషి నిలబడి ఉన్నాడు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"ఆ పేషెంటు ఇంకా రాలేదా?"

"రారు నానమ్మా. ఇవాళ ఆదివారం."

"మరి ఎందుకు ఎండలో నిలబడ్డాడు?"

"మనం మాట్లాడుకోవాలని."

నానమ్మ ఇంకాసేపు అటే చూసింది. "మాట్లాడుకున్నాంగా," అంది. "వెనక్కి తిప్పు."

నేను ఒక్కదాన్నే పడవని రేవుకి చేర్చడం అదే మొదటిసారి. తెరచాప ముందుగానే దించేశాం. పడవ తన ఊపు మీద తను నెమ్మదిగా జారుకుంటూ వచ్చి బాట పక్కన ఆగింది. రైలు డ్రైవరు తాతయ్య తన బల్ల మీంచి చెయ్యి ఊపాడు. డాక్టరు కంగారుగా దగ్గరికొచ్చారు.

"ఏమైంది? గాలి సరిపోలేదా?"

నానమ్మ చెయ్యి చాపింది. "ఎక్కు నాయనా," అంది. "ఎండలో మాడిపోయావు."

రోజూ ఆ పడవలోకి ఒక్క గెంతులో దూకే మనిషి ఆ ముసలి చెయ్యి పట్టుకుని, జాగ్రత్తగా, ఒక్కో అడుగే వేసి ఎక్కారు.

మళ్ళీ నదిలోకి వెళ్ళాం. అమ్మా డాక్టరూ తెరచాప దగ్గర ఉన్నారు. నానమ్మ జరిగి నా పక్కన కూర్చుంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. తెరచాప నీడ మా మీద పడి, తప్పుకుని, మళ్ళీ పడుతోంది. ఇక చెప్పాలి.

"నానమ్మా, నేను వీళ్ళతోనే ఉంటాను."

ఆమె నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయింది. ఒక ఇసుక తిన్నె, దాని మీద ఎండలో రెక్కలు ఆరబెట్టుకుంటున్న నల్ల పిట్ట, మమ్మల్ని దాటి వెనక్కి పోయాయి.

"ఆ గది అలాగే ఉంచుతాను," అంది చివరికి. "వేసిన పక్క కూడా తియ్యను. అలిగినప్పుడు వెళ్ళడానికి ఆడపిల్లకి ఒక ఇల్లుండాలి."

నేను తల ఊపాను.

నానమ్మ గొంతు కొంచెం పెంచింది, ముందు కూర్చున్న వాళ్ళకి వినపడేలా.

"ఆ మాటకొస్తే మీ అమ్మ కూడా రావచ్చు."

అమ్మ విననట్టే తెరచాప వైపు తిరిగి, బిగిసే ఉన్న తాడుని మళ్ళీ ఒకసారి బిగించింది.